అడిగాక ఆగడం: స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి నెమ్మదితో ఇంట్లోవాళ్ళు ఎలా మెలగాలి

మా తమ్ముడికి నీళ్ళ గ్లాసు అందిస్తే తీసుకోవడానికి ఒక్కోసారి నాలుగైదు సెకన్లు పడుతుంది. గ్లాసు వైపు చూస్తాడు, నా ముఖం చూస్తాడు, చెయ్యి కొంచెం లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ నాలుగైదు సెకన్ల మీదే మా ఇంట్లో ఏళ్ళ తరబడి గొడవలు జరిగాయి. "కావాలనే చేస్తడు, మొండోడు" అని నాయిన, "చెవులు గిట్ల మంచిగ ఇనొస్తలేవా బిడ్డా" అని అమ్మ, నేనైతే విసుగొచ్చి గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయేదాన్ని. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అని డాక్టరు చెప్పి పదకొండేళ్ళయింది. ఈ నెమ్మది కూడా ఆ జబ్బులో భాగమేనని మాకు అర్థమై మాత్రం ఐదేళ్ళే.

మాది నకిరేకల్ దగ్గర ఊరు, నిమ్మతోట ఉంది. నేను నల్లగొండలో ఉంటాను, వారానికోసారి ఊరికి పోతాను. డాక్టర్ని కాను. డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నవి, చదివినవి, ఇంట్లో చేసి చూసినవి కలిపి రాస్తున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది, అంటే మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళో పది మంది దాకా ఉండొచ్చు. కాబట్టి ఇది చదివే వాళ్ళలో ఎవరో ఒకరికి ఇవాళ సాయంత్రమే పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి పని: ఆ ఆలస్యాన్ని మొండితనం లెక్కలో నుంచి తీసేయండి

ఎవరూ మాట్లాడకపోయినా చెవిలో మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు, రాత్రంతా నిద్ర లేకుండా తిరగడం, ఇవి అందరి కళ్ళకీ కనిపిస్తాయి. మందులు వేసుకుంటే చాలామందికి ఇవి తగ్గుతాయి కూడా. అప్పుడు ఇంట్లోవాళ్ళం ఏమనుకుంటాం? "జబ్బు తగ్గింది కదా, ఇంకా పని ఎందుకు చేయడు" అని. అక్కడే తప్పు జరుగుతుంది. విన్నదాన్ని అర్థం చేసుకుని, ఏం చేయాలో తేల్చుకుని, చేతికో నోటికో చెప్పే వేగం తగ్గిపోవడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది, మాటలు వినిపించడం ఆగిపోయాక కూడా అది మిగులుతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో డేవిడ్ షాకోవ్ అనే సైకాలజిస్టు 1930లలోనే దీన్ని కొలిచాడు. లైటు వెలగగానే మీట మీద నుంచి వేలు తీయాలి, అంతే పరీక్ష. మామూలు మనిషికి ఇలాంటి దానికి సుమారు పావు సెకను పడుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు ఎక్కువ పట్టింది, పైగా ఒకసారికీ ఇంకోసారికీ తేడా కూడా ఎక్కువగా వచ్చింది. ఆ తర్వాత అంకెలకు ఎదురుగా గుర్తులు ఇచ్చి ఒకటిన్నర నిమిషంలో ఎన్ని నింపగలరో చూసే కాగితం పరీక్షలు కూడా చేశారు. చాలా అధ్యయనాల ఫలితాలు కలిపి చూసినప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షల కంటే ఈ వేగం పరీక్షలోనే పెద్ద తేడా కనిపించింది. ఇంకా ఒక్క మందుబిళ్ళ కూడా వేసుకోని కొత్త పేషెంట్లలోనూ ఈ నెమ్మది ఉంటుంది. కాబట్టి "ఆ గోళీలు వేసే ఇట్లయిండు" అని మందులు మాన్పించేవాళ్ళు దయచేసి ఆగండి, మందుల వల్ల వచ్చే మందకొడితనం వేరే ఉంది, దాని గురించి కింద చెప్తా.

ఒకసారికీ ఇంకోసారికీ తేడా ఎక్కువ అన్నాను కదా, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది అదే. నిన్న పిలవగానే వచ్చాడు, ఇవాళ మూడుసార్లు పిలిచినా రాలేదు, అంటే ఇవాళ కావాలని చేస్తున్నాడు అనిపిస్తుంది. కాదు. ఆ ఎగుడుదిగుడు కూడా జబ్బు తీరే.

రెండో పని: అడిగే పద్ధతి మార్చుకోండి

ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి, ఇదొక్కటే మా ఇంటిని మార్చింది.

ముందు పేరు పెట్టి పిలవండి, వంటింట్లో నుంచి అరవకుండా దగ్గరికి పోయి. వాళ్ళ కళ్ళు మీ వైపు తిరిగేదాకా ఆగండి. తిరిగాక వెంటనే మాట చెప్పండి, ఆలస్యం వద్దు. ఈ "వెంటనే" ఎందుకంటే, షాకోవ్ వాళ్ళ పరీక్షల్లోనే ఇంకో సంగతి బయటపడింది: "రెడీ" అన్నాక లైటు వెలగడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడితే, ఎంతసేపట్లో వెలుగుతుందో తెలిసినా సరే, పేషెంట్లు ఆ రెడీతనాన్ని నిలబెట్టుకోలేకపోయారు. మామూలువాళ్ళు నిలబెట్టుకున్నారు. ఆ పరీక్ష సెకన్ల లెక్క, నిజమే, కానీ మా ఇంట్లో నిమిషాల్లో కూడా అదే చూశాను. "పది నిమిషాలల్ల బస్సొస్తది, తయారుగుండు" అంటే వాడు చెప్పు వేసుకుని నిలబడి, ఐదు నిమిషాలకు మళ్ళీ మంచం మీద కూర్చునేవాడు, బస్సు వచ్చాక లేపడానికి రెండింతలు కష్టం. ఇప్పుడు బస్సు మూలమలుపు దగ్గర కనిపించాకే "లే, పోదాం" అంటాం. వస్తాడు.

ఒక్కసారికి ఒక్కటే అడగండి. "స్నానం చేసి, తిని, గోళీ వేసుకుని రా, తోటకు పోదాం" అనేది మనకు ఒక్క మాట, వాళ్ళకు నాలుగు పనులు. స్నానం అయ్యాక తిండి మాట.

"ఏం తింటవ్?" అని అడక్కండి. "అన్నమా, రొట్టెనా?" అని అడగండి. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ ఎవరికైనా తేల్చుకోవడానికి టైం పెరుగుతుంది, హిక్ అనే సైకాలజిస్టు 1952లోనే ఆ లెక్క చెప్పాడు. మనకు అది తెలియకుండానే జరిగిపోతుంది, వీళ్ళకు అక్కడే ఆగిపోతుంది. రెండు కూడా కష్టమైన రోజు ఉంటుంది, ఆ రోజు రొట్టె ముందు పెట్టి "తిందామా" అంటే తలూపుతారు, అది కూడా జవాబే. కానీ ఎప్పుడూ మనమే తేల్చేయకూడదు. మా అమ్మ ప్రేమతోనే వాడి చొక్కా రంగు నుంచి అన్నీ తనే నిర్ణయించేది, రెండేళ్ళలో వాడు అడగడమే మానేశాడు. రోజుకు రెండు మూడు చిన్న నిర్ణయాలైనా వాళ్ళకే వదలండి.

అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి, నోరు కదపకుండా. మొదట్లో పది అంకెలు చాలా పెద్దగా అనిపిస్తాయి, నేను ఆరు దగ్గరే మాట్లాడేసేదాన్ని. ఎదురు చూస్తున్నట్టు ముఖంలోకి గుచ్చి చూడకుండా చేతిలో ఏదో పని పెట్టుకుంటే సులువు, చిక్కుడుకాయలు తుంచుతూనో బట్టలు మడతపెడుతూనో. నేను మొదటిసారి నిజంగా పది దాకా ఆగిన రోజు అడిగింది "చాయ్ తాగుతవా" అని. ఎనిమిదో తొమ్మిదో అంకె దగ్గర "చక్కెర తక్కువెయ్యి" అన్నాడు. వాడికి చక్కెర తక్కువ ఇష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడో పని: కుప్పలు తగ్గించండి

పని దగ్గర కూడా ఇదే సూత్రం. మా నిమ్మకాయలు మార్కెట్‌కు పోయే ముందు వేరు చేయాలి, పెద్దవి, సన్నవి, పచ్చబడ్డవి, మచ్చ ఉన్నవి. నాలుగు కుప్పలు. తమ్ముడిని కూర్చోబెడితే ఒక కాయ చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు, పెద్దదే కానీ మచ్చ ఉంది, ఏ కుప్పలో వేయాలి? పక్కన కూలీలు నవ్వేవాళ్ళు, వాడు లేచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నాయినే అన్నాడు, "నువ్వు మచ్చ కాయలు ఒక్కటే తీసి పక్కకెయ్‌రా, తక్కినయి మేం జూస్తం" అని. మచ్చ ఉందా లేదా, రెండే కుప్పలు. ఆ రోజు సాయంత్రానికి మూడు బస్తాలు చూశాడు. వేగం తక్కువే, కానీ వాడు పక్కకు తీసిన వాటిలో ఒక్క మంచికాయ లేదు, వదిలిన వాటిలో మచ్చకాయ దొరకలేదు. నెమ్మదిగా చేసినంత మాత్రాన తప్పులు చేస్తారని కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

అంతకు ముందు వాడిని బంధువుల కిరాణా షాపులో కూర్చోబెట్టాం, అది మా పొరపాటు. "అర్ధకిలో చక్కెర, రెండు సబ్బులు, ఐదు రూపాయల పసుపు, ఐదొందలకు చిల్లర" అని ఒక్క ఊపిరిలో చెప్పే గిరాకీ, వెనక ఇంకో ఇద్దరు, ఫోను మోత. నాలుగో రోజు ఒకాయన "మెంటలోన్ని కూసోవెట్టినారు" అన్నాడు, వాడు విన్నాడు. మళ్ళీ ఏ షాపుకైనా రమ్మంటే రావడానికి రెండేళ్ళు పట్టింది. పని వెతికేటప్పుడు ఇవి చూడండి: ఒకేరకంగా సాగే పనా, ఒకసారికి ఒకటే తేల్చుకుంటే సరిపోతుందా, తొందరపెట్టే మనిషి పక్కన ఉంటాడా. చెట్లకు నీళ్ళు, డ్రిప్పు పైపులు చూసుకోవడం, మగ్గం ఇళ్ళలో కండెలు చుట్టడం, బర్రెల పని, ఇలాంటివి చాలామందికి కుదురుతాయి. ఉపాధి హామీ పనికి పోయేవాళ్ళు కూడా ఉన్నారు, మేస్త్రీకి ముందే ఒక మాట చెప్పి పెడితే నయం.

నాలుగో పని: జవాబు ఆలస్యం, అనుమానం తొందర. రెండోదాన్ని ఆపండి

ఇది వినడానికి ఎదురుబొదురుగా ఉంటుంది కానీ నిజం. చాయ్ కావాలో వద్దో చెప్పడానికి పది సెకన్లు పట్టే మనిషి, "పక్కింటోళ్ళు నన్ను జూసే నవ్వుతున్నరు" అని ఒక్క క్షణంలో తేల్చేస్తాడు.

దీన్ని కూడా కొలిచారు, 1988లో ఇంగ్లండ్‌లో. రెండు జాడీలు, ఒకదాంట్లో ఒక రంగు పూసలు 85, రెండో రంగువి 15, ఇంకోదాంట్లో తిరగేసి. ఏ జాడీయో చూపించకుండా ఒక్కో పూస తీసి చూపిస్తారు, ఏ జాడీలోదో నమ్మకం కుదిరాక చెప్పాలి. మామూలువాళ్ళు కొన్ని పూసలు చూశాక చెప్పారు. భ్రమలతో బాధపడేవాళ్ళలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేశారు. ఆ తర్వాత ఇదే పరీక్ష ఎన్నోచోట్ల మళ్ళీ చేశారు. అంటే చెయ్యి నెమ్మది, కానీ ఆధారాలు పోగుచేసుకోవడంలో తొందర, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

మరి ఏం చేయాలి? వాదించకండి. "వాళ్ళు నీ గురించి ఎందుకు మాట్లాడుకుంటరురా, వాళ్ళకేం పని లేదా" అంటే ఆ మాటతో మీరు కూడా వాళ్ళ పక్షం అయిపోతారు. "నీకు అట్ల అనిపించిందా, భయమైందా" అని ముందు అడగండి. కాస్త కుదుటపడ్డాక, "ఇంకేమైనా అయ్యుంటదా?" అని ఒక్క ప్రశ్న. మీరు జవాబు అందించకండి, మళ్ళీ పది లెక్కపెట్టండి. ఒకసారి మా వాడు చాలాసేపటికి "ఫోన్ల ఏదన్న వీడియో జూస్తున్నరేమో" అన్నాడు. నమ్మాడని కాదు, ఇంకో పూస తీసి చూశాడు, అది చాలు. జర్మనీలో హాంబర్గ్ పరిశోధకులు తయారుచేసిన మెటాకాగ్నిటివ్ ట్రైనింగ్ అనే పద్ధతిలో సరిగ్గా ఇదే నేర్పిస్తారు, తేల్చే ముందు ఇంకొంచెం ఆధారం వెతకడం. అనుమానం మరీ గట్టిపడి నిద్ర, తిండి పోతుంటే మాత్రం ఈ ప్రశ్నలతో కూర్చోకండి, డాక్టరు దగ్గరికే.

డబ్బు, సంతకాల విషయంలో మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం, వాడితో కూర్చుని, వాడు ఒప్పుకున్నాకే. వెయ్యి రూపాయలు దాటిన ఏ కొనుగోలైనా, ఏ కాగితం మీద సంతకమైనా, ఏ లోన్ యాప్ అయినా ఒక రాత్రి దాటాకే. ఆ కట్టుబాటు వాడికి ఒక్కడికే పెట్టలేదు, నాకూ నాయినకూ కూడా వర్తిస్తుంది, అందుకే నిలబడింది.

పెద్ద నిర్ణయాలు బాగున్న రోజుల్లోనే తీరిగ్గా తీసుకుని రాసిపెట్టుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ముదిరినప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసుకునే హక్కు పేషెంటుకు ఉంది, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు కూడా ఉంది. తమ్ముడు ఆ కాగితం రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మాట్లాడే మనిషిగా నన్ను కాదు, మా చిన్నత్త కొడుకుని పెట్టుకున్నాడు. వాడి నిర్ణయం.

ఐదో పని: మందుల మందకొడితనాన్ని వేరు చేసి చూడండి

జబ్బుతో వచ్చిన నెమ్మది రోజుకో తీరుగా మారినా, మొత్తం మీద నెలల తరబడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొత్త మందు మొదలుపెట్టాకో, డోసు పెంచాకో రోజుల్లోనే మనిషి బరువెక్కితే, పొద్దున పది దాకా మత్తుగా ఉంటే, నడక చిన్నచిన్న అడుగులైతే, చేతులు ఊగకుండా బిగుసుకుని నడిస్తే, ముఖంలో కదలిక పోతే, నోట్లో చొంగ కారుతుంటే అది మందు పని కావచ్చు. చెబితే డాక్టరు డోసు తగ్గించొచ్చు, రాత్రికి మార్చొచ్చు, వేరే మందు ఇవ్వొచ్చు. బిగువు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ బిళ్ళ కొందరిలో జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది, అది ఏళ్ళ తరబడి అలాగే నడుస్తుంటే "ఇంకా అవసరమా సార్" అని అడగండి. అడగండి అంటున్నా, మీరే ఆపేయండి అనట్లేదు.

బీడీ, సిగరెట్ సంగతి చాలామందికి తెలియదు. పొగ వల్ల ఈ జబ్బుకు వాడే ఓలాంజపిన్, క్లోజపిన్ మందులు ఒంట్లో తొందరగా ఖర్చవుతాయి. అందుకే ఉన్నట్టుండి పొగ మానేస్తే అదే డోసుకు మందు ఎక్కువై మత్తు రావచ్చు. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానండి.

ఇక కల్లు. మన నల్లగొండ, పాలమూరు వైపు ఇది దాచిపెట్టే మాట కాదు. చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్తీ కల్లు వేరు. ఆ మత్తుమందు ఎవరి స్పందననైనా నెమ్మది చేస్తుంది, ఈ మందుల మీద అది పడితే మనిషి ఇంకా మొద్దుబారిపోతాడు. అలవాటు పడ్డ మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకని అది కూడా డాక్టరు ముందు సిగ్గుపడకుండా చెప్పాల్సిందే.

రెండు సందర్భాల్లో ఆలోచించకుండా బయల్దేరాలి. మందులు వాడుతున్న మనిషికి జ్వరం వచ్చి, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, అయోమయంగా ఉంటే. లేదా తినకుండా తాగకుండా, పలకరించినా పలకకుండా గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోతే. ఇవి "నెమ్మది" కావు, అత్యవసరం, రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆరో పని: రోడ్డు

40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే ఐదున్నర మీటర్లు, అంటే ఒక ట్రాక్టరు పొడవు కంటే ఎక్కువే. మన ఊరి రోడ్ల మీద వానాకాలం, యాసంగి రెండుసార్లూ వడ్లు ఆరబోస్తారు, వాటిమీద కప్పిన పట్టాలు కదలకుండా రాళ్ళు పెడతారు, చీకటి పడ్డాక ఆ రాయి కనిపించేది ఆఖరి క్షణంలో. మేకలు, బర్రెలు సరేసరి. కాబట్టి బండి నడపొచ్చా లేదా అని డాక్టర్ని సూటిగా అడగండి, ఇంట్లోవాళ్ళ ధైర్యం మీద వదలకండి. కొత్త మందు మొదలైనప్పుడు, డోసు మారినప్పుడు, పొద్దున మత్తు వదలనప్పుడు బండి తాళం చేతికివ్వద్దు. హైదరాబాద్-విజయవాడ హైవే మీదికైతే మా వాడు పోడు, అది మేమిద్దరం కలిసి అనుకున్నదే. సైకిలు తొక్కుతాడు, తోట దాకా.

నడిచి దాటేటప్పుడు, ఒకేసారి రెండువైపులా చూసి లెక్కకట్టడమే కష్టం. డివైడర్ ఉన్నచోట సగం దాటి ఆగి, మిగతా సగం మళ్ళీ చూసుకుని దాటడం నేర్పించాను. చెయ్యి పట్టి లాగకండి, భయపడి మధ్యలో ఆగిపోతారు.

బస్సులో కండక్టరు "ఎక్కడికీ" అనగానే గొంతు పెగలదు. జేబులో ఒక చీటీ, దాని మీద దిగే ఊరి పేరు, సరిపోయే చిల్లర, వెనకవైపు ఇంటి ఫోను నంబరు. చీటీ చూపిస్తే సరిపోతుంది. ఇదేమీ నామోషీ కాదు.

ఏడో పని: కొలవాలనిపిస్తే

నేను ఒకసారి స్కేలు పరీక్ష పెట్టాను. 30 సెంటీమీటర్ల స్కేలును పైన పట్టుకుని, కింద వాళ్ళ బొటనవేలు, చూపుడువేలు మధ్య సున్నా ఉండేలా పెట్టి, చెప్పకుండా వదలాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే ఇంచుమించు సెకనులో ఐదో వంతు, 30 దగ్గరైతే పావు సెకను. మూడోసారి స్కేలు జారి కింద పడ్డాక తమ్ముడి చెయ్యి వణకడం చూసి ఆపేశాను. మళ్ళీ పెట్టలేదు. పరీక్ష పెడుతున్నారని తెలిస్తే టెన్షన్‌తో ఇంకా నెమ్మదిస్తారు. ఇప్పుడు ఒక నోట్‌బుక్‌లో మామూలు సంగతులే రాస్తాను: స్నానానికి ఎంతసేపు, చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడా, ఎన్నిసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది, నిద్ర ఎన్ని గంటలు. వారానికి రెండు లైన్లు చాలు.

ఆ నోట్‌బుక్ రెండుచోట్ల అక్కరకొస్తుంది. ఒకటి డాక్టరు దగ్గర. పెద్దాసుపత్రి ఓపీలో మనకు దొరికేది కొన్ని నిమిషాలు, తమ్ముడు మొదటి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టేసరికి సగం అయిపోతుంది, అప్పుడు ఇంట్లోవాళ్ళమే మాట్లాడేస్తాం. ముందురోజు రాత్రే వాడిని అడిగి "సార్‌కు ఏం చెప్పాలె" అని మూడు మాటలు రాసుకోండి, లోపలికి పోగానే కాగితం వాడి చేతుల మీదుగానే ఇప్పించండి. డాక్టరు మాట్లాడేటప్పుడు మీరు మధ్యలో జవాబివ్వకండి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ఎలాగూ ఉంది, దగ్గర్లోని మానసిక విభాగంలో కనుక్కోండి. పోవడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

రెండోది వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ చూసేది తన పని తను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని చేయడం, ఈ నాలుగూ ప్లస్ ఎన్నేళ్ళుగా ఉందనేది. "స్నానం చేస్తాడా?" అంటే మనం అలవాటుగా "చేస్తాడు సార్" అంటాం, పరువు కోసం. "మూడుసార్లు చెప్తే ముప్పావుగంటకు చేస్తాడు" అనేది నిజం. నిజం చెప్పండి.

ఎనిమిదో పని: వేగం పెంచడానికి

చేతనైనంత పెరుగుతుంది, కొంచెమే, కానీ పెరుగుతుంది. శ్రద్ధకు, జ్ఞాపకానికి, వేగానికి సాధన చేయించే కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే శిక్షణ ఉంది, దాన్ని నిజమైన పనితో కలిపినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంటుందని అధ్యయనాల్లో తేలింది. ఊరికే ఫోన్లో గేములు ఆడిస్తే ఎక్కువగా ఆ గేమే వస్తుంది. మా వాడికి అమ్మతో అష్టాచెమ్మా బాగా కుదిరింది. గవ్వలు వేయాలి, ఎన్ని పడ్డాయో చూడాలి, రెండు కాయల్లో ఏది జరపాలో తేల్చాలి. అమ్మ తొందరపెట్టదు. రోజూ నడక, వేళకు నిద్ర, ఇవి చెప్పడానికి చప్పగా ఉంటాయి కానీ ఆ నోట్‌బుక్‌లో బాగున్న వారాలన్నీ తోటకు రోజూ నడిచిన వారాలే.

ఇదంతా రాశాక తమ్ముడికి చదివి వినిపించాను, వాడి సంగతులు కదా, వద్దంటే తీసేద్దామని. కిరాణా షాపు సంగతి ఉంచమన్నాడు. ఇంకొకటి రాయమన్నాడు, వాడి మాటల్లోనే ఇస్తున్నా: "అక్కా, ఒక్కపారి అడిగినంక గదే మాట ఇంకో తీరుగ మళ్ళ అడగొద్దని రాయి. నేను జవాబు సగందాక తెచ్చుకుంట. మీరు మళ్ళ అడుగుతరు. నేను మొదటికెళ్ళి మళ్ళ షురూ జేయాలె." నేను ఈ ఐదేళ్ళలో పది దాకా లెక్కపెట్టి, పదకొండో అంకెకు అదే ప్రశ్న మార్చి అడుగుతున్నాను. కాబట్టి రెండో పనిలో ఇది కలుపుకోండి: పది అయ్యాక కూడా జవాబు రాకపోతే మాట మార్చకుండా, అవే పదాలతో, అదే గొంతుతో ఒక్కసారి అడిగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.